డిసెంబర్ 16 విజయ్ దివస్: 1971 యుద్ధంలో పనిచేసిన మన ఊరి సైనికులను గౌరవించడం ఎలా

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వాయుసేన స్థావరాల మీద బాంబులు వేశాయి. అలా మొదలైన యుద్ధం రెండు వారాలు కూడా నడవలేదు. డిసెంబర్ 16 సాయంత్రం 4 గంటల 31 నిమిషాలకు ఢాకా రేస్‌కోర్సు మైదానంలో అక్కడి పాకిస్తాన్ సేనల అధిపతి లెఫ్టినెంట్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. పక్క కుర్చీలో ఉన్నది మన తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా. సుమారు 93 వేల మంది పాకిస్తానీలు మన చేతికి ఖైదీలుగా చిక్కారు, బంగ్లాదేశ్ పుట్టింది. అప్పటికి తొమ్మిది నెలలుగా అక్కడ సాగుతున్న మారణకాండ తట్టుకోలేక దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చేశారు. తెలుగువాళ్లకు ఇదేమీ దూరాన జరిగిన యుద్ధం కాదు. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది విశాఖ రేవు ముంగిట్లోనే.

ఆనాటి ఇరవై ఏళ్ల సిపాయికి ఇప్పుడు దాదాపు డెబ్బై అయిదేళ్లు. కార్యక్రమం ఏ టైముకు పెట్టాలి, ఎంతసేపు, ఎక్కడ, కుర్చీ ఎలాంటిది అన్న ప్రతి ప్రశ్నకూ జవాబు ఈ వయసులోంచే రావాలి. మన దగ్గర సన్మానసభ అనగానే ఫ్లెక్సీ, స్టేజీ, ముఖ్య అతిథి కోసం రెండు గంటల పడిగాపులు. సైనికుడి పేరు మాత్రం చదివేవాడి నోట్లో నలిగిపోతుంది. ఈ గైడులో చెప్పేది గంటా పావులో ముగిసే చిన్న కార్యక్రమం. స్కూలో, పంచాయతీయో, కాలనీ సంఘమో, ఎవరైనా చేయొచ్చు. పని మాత్రం నవంబర్ మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.

ఎవరెవరు ఉన్నారో తేల్చుకోవడం

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల, వాళ్ల వితంతువుల రిజిస్టరు ఉంటుంది. తెలంగాణలో కొన్ని జిల్లాలకు కలిపి ప్రాంతీయ కార్యాలయం ఉంటుంది. వెళ్లి లిస్టు ఇమ్మంటే ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా, ఆ చిరునామాలు, ఫోన్ నంబర్లు బయటివాళ్లకు పంచేవి కావు. మీరే ఆహ్వానాలు అచ్చువేయించి, స్టాంపులు అంటించిన కవర్లలో పెట్టి, మీ మండలంవాళ్లకు పంపమని ఒక ఉత్తరం జతచేసి ఇవ్వండి. చిరునామా వాళ్లు రాసుకుంటారు. మీ ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి, 75 ఏళ్ల కళ్లకు ఆనేలా.

నవంబర్‌లో మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. పింఛనుదారులు చాలామంది లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేది ఆ నెలలోనే. బ్యాంకులో, మీసేవలో, మిలిటరీ పింఛన్లు చూసే స్పర్శ్ సేవాకేంద్రంలో ఒక కాగితం అంటిస్తే ఊళ్లో ఉన్న మాజీ సైనికుల్లో చాలామంది కంట పడుతుంది. దగ్గర్లో మిలిటరీ క్యాంటీన్, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ ఉంటే ఆ నోటీసుబోర్డులు ఇంకా మేలు. ఇవేవీ లేని పల్లెలో పోస్ట్‌మ్యాన్‌ని, కిరాణా కొట్టాయన్ని అడగండి. ‘మిలిటరీ ఆయన ఇల్లు’ ఏదో ప్రతి ఊరికీ తెలుసు.

లిస్టులోంచి జారిపోయేవాళ్లు కొందరున్నారు. సరిహద్దు భద్రతా దళం, అంటే బీఎస్ఎఫ్, 1971లో తూర్పు, పడమర రెండు సరిహద్దుల్లోనూ పోరాడింది. కానీ వాళ్లు సైనిక సంక్షేమ శాఖ లెక్కలో మాజీ సైనికులు కారు కాబట్టి ఆ రిజిస్టరులో కనపడరు. విడిగా వెతకాలి. నౌకాదళంవాళ్లు, వాయుసేన గ్రౌండ్ సిబ్బంది ‘మేం తుపాకీ పట్టలేదండీ’ అని వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. వంటవాడు, డ్రైవరు, క్లర్కు, నర్సింగ్ అసిస్టెంటు, డిపోలో గుండ్లు ఎక్కించినవాడు, యుద్ధం అయ్యాక 1974 దాకా ఖైదీల క్యాంపుల దగ్గర కాపలా కాసినవాడు, వీళ్లంతా ఆ యుద్ధంలో పనిచేసినవాళ్లే. ముందు వరసకు, వెనక వరసకు తేడా పెట్టొద్దు. శ్రీలంక, కార్గిల్ నాటి సైనికులు వస్తామంటే రమ్మనండి. పెద్దవాళ్లను కుర్చీ దాకా నడిపించడం, పేర్లు చదవడం వాళ్లకు అప్పగించండి. సన్మానం మాత్రం ఆ రోజు 1971వాళ్లకే ఉండాలి, అందరినీ కలిపితే వేళ దాటిపోతుంది.

యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లకు ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం దారి చూపుతుంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద పాతికవేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. వెబ్‌సైటులోనూ పేరుతో వెతకొచ్చు. ఒకే పేరుకు రెండు మూడు స్పెల్లింగులు వేసి చూడండి. లక్ష్మయ్య, లచ్చయ్య, లక్ష్మయ్‌లు అక్కడ వేరువేరు మనుషులు. దొరికిన పేజీ ప్రింటు తీసి కుటుంబానికి చూపించి, వాళ్లు ఒప్పుకున్నాకే చదివే జాబితాలో చేర్చండి.

వివరాలు సరిచూడటం: అసలు పని ఇదే

ఒక్కొక్కరికి ఒక కాగితం పెట్టుకోండి. దాంట్లో రాసుకోవాల్సినవి: సర్వీసు నంబరు, సర్వీసు పుస్తకంలో ఉన్న పేరు, ఊళ్లో పిలిచే పేరు, 1971లో ర్యాంకు, రిటైరైనప్పటి ర్యాంకు, యూనిట్, చేసిన పని, ఏ వైపు సరిహద్దులో ఉన్నారు, చేరిన ఏడు, వచ్చేసిన ఏడు. ఇవన్నీ నోటిమాటగా అడిగి రాసుకుని వదిలేయకండి. యాభై ఏళ్ల తర్వాత ఎవరికైనా తేదీలు కలిసిపోతాయి. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఆర్డరు, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, మెడల్స్, ఈ నాలుగింటిలో ఏ రెండైనా చూడండి.

మెడల్స్ చాలా చెబుతాయి. తూర్పు యుద్ధరంగంలో పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్, పడమటివైపు పనిచేసినవాళ్లకు పశ్చిమీ స్టార్ వచ్చాయి. సంగ్రామ్ మెడల్ ఇంతకంటే విస్తారంగా ఇచ్చింది. అదొక్కటే ఉంటే ‘ఢాకా దాకా వెళ్లారు’ అని రాయడానికి లేదు. 1972 నాటి స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ అప్పుడు సర్వీసులో ఉన్న అందరికీ వచ్చింది కాబట్టి దాన్నిబట్టి యుద్ధంలో ఉన్నారని చెప్పలేం. సమర్ సేవా స్టార్ కనపడితే ఆయన 1965 యుద్ధం కూడా చూశారన్నమాట, అది అడిగి విడిగా రాసుకోండి. మెడల్ అంచు మీదో వెనకవైపో నంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే చదవొచ్చు. మన ఇళ్లలో ఇత్తడి అనగానే చింతపండు అందుకుంటారు. మెడల్స్‌కు చింతపండు, బ్రాసో, పీతాంబరి ఏవీ పెట్టనివ్వకండి. రుద్దిన ప్రతిసారీ ఆ సన్నటి అక్షరాలు అరుగుతాయి, రిబ్బన్ మరకలు పడుతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బన్ చిరిగితే కొత్త రిబ్బన్ కంటోన్మెంటు ప్రాంతంలో మిలిటరీ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. పాతది పారేయకుండా కవర్లో వేసి ఇంట్లోవాళ్లకు ఇచ్చేయండి.

సర్వీసు నంబరు ముందు ‘ఐసీ’ ఉంటే కమిషన్డ్ ఆఫీసరు, ‘జేసీ’ ఉంటే నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్లలో ఒకరు. ఇక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. రిటైరయ్యే వేళకు గౌరవ హోదాగా కెప్టెన్ ర్యాంకు వచ్చినాయన్ని ‘హానరరీ కెప్టెన్’ అనాలి. ఉత్త ‘కెప్టెన్’ అని మైకులో పిలిస్తే ఆయనే ఇబ్బంది పడతాడు, పక్కనున్న సైనికులు ముసిముసిగా నవ్వుతారు. రిటైర్డ్ అన్న మాట ర్యాంకు పక్కన కాదు, పేరు తర్వాత రావాలి. రిటైరయ్యేది మనిషి, ర్యాంకు కాదు అన్నది సైన్యం పద్ధతి. ఫిరంగి దళంలో సిపాయిని గన్నర్ అని, ఇంజినీర్లలో శాపర్ అని, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మ్యాన్ అని, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ దళంలో క్రాఫ్ట్స్‌మ్యాన్ అని అంటారు. ఆ మాటే రాయండి, ఆయనకు అది ఇంటిపేరు కింద లెక్క. ‘మద్రాస్ రెజిమెంట్’ అని ఆపేస్తే సరిపోదు, ఎన్నో బెటాలియనో కావాలి. ఫిరంగి దళమైతే ఏ రెజిమెంటో అడగాలి.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. రిక్రూట్‌మెంటులో ఇంటిపేరు అక్షరంగా మిగిలిపోవడం, ‘వెంకట్రావు’ కాస్తా ‘వెంకట్ రావ్’ కావడం, తండ్రి పేరు చివర చేరడం మామూలే. ప్రశంసాపత్రం మీద సర్వీసు పుస్తకంలోని పేరు, దాని కింద ఇంటిపేరుతో సహా ఊళ్లో పిలిచే పేరు, రెండూ వేయండి. ముందొకటి వెనకొకటి ఎందుకని ఎవరైనా అడిగితే, పుస్తకంలోది పింఛను కాగితాలకు సరిపోతుంది, ఊరిది మనవలకు అర్థమవుతుంది.

కాగితాలేవీ లేకపోతే రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంటువి తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానివి నాసిక్ రోడ్‌లో, మద్రాస్ ఇంజినీర్లవి బెంగళూరులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ దళాలవి సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. నావికులవి ముంబైలో, వాయుసేన సిబ్బందివి ఢిల్లీలో. ఉత్తరం రాయాల్సింది సైనికుడో, ఆయన భార్యో, పిల్లలో. మీ సంఘం పేరుతో రాస్తే జవాబు రాదు. జవాబుకు నెలలు పట్టొచ్చు, డిసెంబర్‌కు అందుతుందని లెక్కలు వేసుకోకండి. ఈలోగా రుజువు దొరకని వాక్యాన్ని తీసేయండి. డిపోలో పనిచేసినాయన్ని ‘శత్రువును చీల్చి చెండాడిన వీరుడు’ అని పొగిడితే, ఆ మాట ఆయన ఆరోజంతా మోయాలి. చేసిన పనిని ఉన్నదున్నట్టు చెబితే చాలు: ‘డిసెంబర్ నెలంతా పఠాన్‌కోట్ దగ్గర మందుగుండు లారీ నడిపారు’ అన్న వాక్యానికి ఏ విశేషణమూ అక్కర్లేదు.

రాత, రాయి, ఫ్లెక్సీ

తెలుగు టైపింగు ఫ్లెక్సీ షాపులో పాడవుతుంది. మీరు వాట్సాప్‌లో పంపింది యూనికోడ్, షాపులో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, ‘క్ష’, ‘ర్య’, ‘జ్ఞ’ కకావికలవుతాయి. ఆపరేటరు తొందర్లో తనకు తోచింది కొడతాడు. ఫైనల్ డిజైన్‌ని ఏ4 కాగితం మీద ప్రింటు తీసి, కుటుంబంలో ఒకరిని పక్కన కూర్చోబెట్టి అక్షరం అక్షరం చదివించి, వాళ్ల చేత కిందన సంతకం పెట్టించుకోండి. ఫోన్ తెర మీద చూసి ‘ఓకే’ అనొద్దు.

తాత్కాలిక స్మారకానికి 4 అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక చాలు. ముదురు రంగు వేసి తెల్ల అక్షరాలు రాయించాలి. మెరిసే పెయింటు వద్దు, ఎండ పడితే ఏమీ కనపడదు. చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కటే దాని మీద ఉండాలి. దాతల పేర్లు, అతిథుల ఫొటోలు ఉంటే అది స్మారకం కాదు, పోస్టరు.

శాశ్వతంగా రాయి పెట్టాలనుకుంటే నల్ల గ్రానైట్ మీద అక్షరం అంగుళంన్నర ఎత్తుకు తగ్గొద్దు. ఇంగ్లీషు రాళ్లకు సరిపోయే వరసల ఎడం మనకు చాలదు, కింద ఒత్తులు, పైన గుణింతాలు ఢీకొంటాయి. వరసకూ వరసకూ మధ్య కనీసం అక్షరం ఎత్తంత ఖాళీ అడగండి. లోతు తక్కువగా చెక్కి పెయింటు నింపితే కొన్నేళ్లకు పెయింటు రాలి పేరు కనపడకుండా పోతుంది, లోతుగా చెక్కించడానికి అయ్యే అదనపు ఖర్చుకు వెనకాడొద్దు. అడుగున పది అంగుళాలు ఖాళీ వదలండి, వానకు ఎగిరే మట్టి అక్కడిదాకా వస్తుంది. స్థలం పంచాయతీదైతే గ్రామపంచాయతీ తీర్మానం కాపీ చేతికి వచ్చాకే గుంత తవ్వాలి. నాలుగు రోడ్ల కూడలి చూడ్డానికి బాగుంటుంది గానీ, రోడ్లు, బహిరంగ స్థలాల్లో విగ్రహాలు, కట్టడాలకు అనుమతులు ఇవ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. స్కూలు ఆవరణ, గ్రంథాలయం ముంగిలి నయం.

జెండా విషయంలో ఊరూరా జరిగే తప్పులు రెండు. ఒకటి, నివాళి కదా అని సగం ఎత్తుకు దించడం. అది ప్రభుత్వం ఆదేశించినప్పుడు మాత్రమే చేయాలి. విజయ్ దివస్‌నాడు జెండా పూర్తి ఎత్తున ఎగురుతుంది. రెండు, స్మారకాన్ని జాతీయజెండాతో కప్పి అతిథి చేత లాగించడం. ఫ్లాగ్ కోడ్ దీన్ని ఒప్పుకోదు, ఆవిష్కరణకు సాదా గుడ్డ వాడండి. ఎగరేసే జెండా ముడిలో పూలరేకులు పెట్టడానికి అభ్యంతరం లేదు.

ఆ రోజు

సాయంత్రం 3:45కి మొదలుపెట్టండి. సంతకం జరిగిన 4:31కి సరిగ్గా మౌనం పడేలా చూసుకోవచ్చు. పైగా ధనుర్మాసం మొదలయ్యే రోజులు, పొద్దున పూట మంచు, చలి. మోకాళ్ల నొప్పులవాళ్లకు మధ్యాహ్నం ఎండే హాయి. ఆ రోజుల్లో విశాఖ వైపు 5:25కే పొద్దు గూకుతుంది, హైదరాబాద్‌లో పావుగంట, ఇరవై నిమిషాలు ఆలస్యంగా. 5 గంటలకల్లా ముగిస్తే అందరూ వెలుతురు ఉండగానే ఇళ్లకు చేరతారు. జెండా పొద్దున్నే ఎగరేసి ఉంచండి, సాయంత్రం మళ్లీ ఎగరేయక్కర్లేదు.

చేతులున్న కుర్చీలు వేయండి. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలోంచి పెద్దవాళ్లు లేవలేరు. టాయిలెట్ యాభై అడుగుల లోపు ఉండాలి, దానికి తాళం ఎవరి దగ్గరుందో ముందే తెలియాలి. స్టేజీ అసలు వద్దు. మెట్లెక్కించి దండ వేయడం కంటే, అతిథులే కిందకొచ్చి వరసలో ఉన్నవాళ్ల దగ్గరికి నడిచివెళ్లడం మర్యాద, సగం టైము కూడా మిగులుతుంది. మెడల్స్ ఎడమవైపు పెట్టుకుంటారు. చనిపోయిన సైనికుడి మెడల్స్‌ని భార్యగానీ పిల్లలుగానీ పెట్టుకుంటే కుడివైపు. స్మారకం ముందు చెప్పులు విప్పడం మన అలవాటు. బూట్లు వేసుకొచ్చిన మాజీ సైనికులను మాత్రం విప్పమనకండి. వంగి లేసులు కట్టుకోవడం వాళ్లకు కష్టం, సైన్యంలో బూట్లతోనే వందనం చేస్తారు.

రీత్, అంటే స్మారకం దగ్గర నివాళిగా పెట్టే పూలచక్రం, ఇంట్లో చేసుకోవచ్చు. 18 అంగుళాల వెదురు బద్ద చక్రానికి రెండంగుళాల మందాన వరిగడ్డి చుట్టి, అరటినారతో బిగించండి. దాని మీద మామిడాకులు పరిచి మూడు వరసల బంతిపూలు గుచ్చితే చాలు. మధ్యస్థం పూలు వందా నూట ఇరవై పడతాయి. ముందురోజు రాత్రి చేసి తడిగుడ్డ కప్పితే వాడదు. నీళ్లు చల్లి పాలిథిన్ సంచిలో పెడితే మాత్రం పొద్దుటికి నల్లబడుతుంది. ఆనించడానికి మూడు కర్రల స్టాండు కట్టండి, లేకపోతే గాలికి బోర్లాపడుతుంది, ఫొటోలన్నింటిలో అదే కనపడుతుంది.

రీత్ మొదట చనిపోయిన సైనికుడి ఇంటివాళ్లు పెట్టాలి, తర్వాత అందరికంటే పెద్ద వయసు మాజీ సైనికుడు, ఆ తర్వాతే అధికారులు, ప్రజాప్రతినిధులు. ఈ వరస ఆహ్వానపత్రికలోనే అచ్చువేయండి, ఆ రోజు వాదన ఉండదు. పెట్టాక ఒకడుగు వెనక్కివేసి, సైనికులు సెల్యూట్ చేస్తారు, మిగతావాళ్లు నమస్కారం పెడితే సరిపోతుంది.

తర్వాత బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ (చనిపోయిన సైనికులకు వీడ్కోలు పలికే రాగం), రెండు నిమిషాల మౌనం, మళ్లీ బ్యూగిల్ మీద రౌజ్ (మేలుకొలుపు రాగం). దగ్గర్లోని కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే, అక్కడి ఎన్‌సీసీ అధికారి ద్వారా బెటాలియన్ కమాండింగ్ ఆఫీసరుకు మూడు వారాల ముందు ఉత్తరం పెట్టండి. బ్యూగిలర్ దొరకొచ్చు, కనీసం ఆరుగురు క్యాడెట్లు వస్తారు. దొరక్కపోతే రికార్డింగు. దాన్ని ఫోన్‌లోకి దించుకుని, రెండు ముక్కలుగా కోసి, వైరుతో యాంప్లిఫయరుకు కలిపి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నెట్ నుంచి నేరుగా వేస్తే మధ్యలో బనియన్ల యాడ్ వస్తుంది, బ్లూటూత్ మీద పెడితే ఎవరిదో కాల్ వస్తుంది. మౌనం మొదలవగానే మైకు స్విచ్ ఆపేయాలి, ఆ గుయ్యిమనే శబ్దం రెండు నిమిషాలు వినలేం. టైము గడియారం చూసి కొలవండి. అంచనా మీద వదిలేస్తే నలభై సెకన్లకే ‘ఓం శాంతి’ అనేస్తారు. స్కూలు బెల్లు, పక్క గుడి మైకు, ఆటో ప్రచారం, వీటి సంగతి పొద్దున్నే చూసుకోవాలి.

బాణసంచా, పేపర్ బ్లాస్టర్లు పూర్తిగా మానేయండి. ఫిరంగుల పక్కన పనిచేసి చెవులు దెబ్బతిన్నవాళ్లు ఉంటారు. యాభై ఏళ్లు దాటినా హఠాత్తు చప్పుడికి ఉలిక్కిపడేవాళ్లు ఉంటారు. ఏ దేశానికీ, ఏ మతానికీ వ్యతిరేకంగా నినాదాలు వద్దని యాంకర్‌కు ముందే చెప్పండి.

ఒక్కొక్కరి గురించి చదివేది 70 మాటలు దాటకూడదు, అది ముప్పావు నిమిషం. శాలువా కప్పడంతో కలిపి మనిషికి నిమిషంన్నర అనుకుంటే పన్నెండుమందికి 18 నిమిషాలు. ఇంతకంటే ఎక్కువమంది ఉంటే ఉపన్యాసాలు కోయాలి, సైనికుల వాక్యాలు కాదు. ముఖ్య అతిథికి అయిదు నిమిషాలు. జ్ఞాపికలుగా బరువైన గాజు షీల్డులు ఇవ్వొద్దు, బస్సులో పట్టుకెళ్లలేరు. చదివిన ఆ 70 మాటలే మందపాటి కాగితం మీద అచ్చువేసి ఫ్రేమ్ కట్టించండి. పలహారంలో తీపి లేనిది ఒకటి తప్పనిసరి.

ఇదంతా ఒక ఎత్తు, పక్కన వేసే సహాయ బల్ల ఒక ఎత్తు. సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి ఒకరిని, స్పర్శ్ పనులు తెలిసిన కుర్రాడిని ఒకడిని, ప్రింటరుని అక్కడ కూర్చోబెట్టండి. భర్త సర్వీసు రికార్డులో ‘సుబ్బమ్మ’, ఆధార్‌లో ‘సుబ్బలక్ష్మి’ అయినందుకు ఫ్యామిలీ పింఛను ఆగిపోయిన సైనికుల వితంతువులు కనపడతారు. గుర్తింపు కార్డు లేనివాళ్లు, ఈసీహెచ్‌ఎస్‌లో చేరనివాళ్లు కూడా వస్తారు. ఆ రోజే పని తెమలకపోయినా, ఏ కాగితం తేవాలో రాసిచ్చి, వెంట తిరిగే మనిషి ఫోన్ నంబరు ఇవ్వండి. శాలువా కంటే ఇది ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.

సైనికుల పేరు చెప్పి విరాళాలు వసూలు చేయాలనుకుంటే డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం ఉంది. ఆ డబ్బు సైనిక సంక్షేమ కార్యాలయానికే రసీదు మీద వెళ్లాలి, శామియానా బిల్లుకు కలపకూడదు.

జ్ఞాపకాలు రికార్డు చేయడం

కార్యక్రమం రోజున చేయొద్దు, హడావిడిలో ఎవరూ మాట్లాడలేరు. తర్వాతి వారంలో ఆ సైనికుడి ఇంట్లో, పొద్దున పది గంటల ప్రాంతంలో, 45 నిమిషాలకు మించకుండా. ఫ్యాను, టీవీ ఆపి, ఫోన్‌ని ఆయన నోటికి అడుగు, అడుగున్నర దూరంలో మడత తువ్వాలు మీద పెట్టండి. బల్ల మీద నేరుగా పెడితే చెయ్యి తగిలిన ప్రతి చప్పుడూ ఎక్కుతుంది. ఏ3 సైజులో రెండు మ్యాపులు తీసుకెళ్లండి. ఒకటి జెస్సోర్, హిల్లి, అఖౌరా, సిల్హెట్ ఉన్న తూర్పుది, ఒకటి ఛంబ్, శకర్‌గఢ్, లోంగేవాలా ఉన్న పడమటిది. ఊరి పేరు గుర్తురాకపోయినా రైలుదారి మీద వేలు పెట్టి ‘ఇక్కడ దిగాం’ అంటారు. ఆ వేలు కదలికని వీడియో తీయండి.

‘ఎంతమందిని చంపారు’ అని అడగొద్దు, పిల్లల్ని అడగనివ్వొద్దు. ఏ ఊళ్లో రిక్రూట్ అయ్యారు, బస్తీ దాటి మొదటి రైలు ఎక్కిన రోజు ఏం కట్టుకున్నారు, హిందీ ఎన్నాళ్లకు వచ్చింది, అన్నం దొరికేదా రొట్టెలేనా, ఇంటి నుంచి ఇన్‌లాండ్ లెటర్ ఎన్నాళ్లకు అందేది, యుద్ధం ఆగిందని ఎవరు చెప్పారు, ఇలా మొదలుపెట్టండి. మిగతాది ఆయనే చెబుతారు, లేదా చెప్పరు. గొంతు పూడుకుపోతే రికార్డింగు ఆపి మంచినీళ్లు ఇవ్వండి. అక్కడే లేచి వచ్చేయకుండా, పెళ్లి గురించో పొలం గురించో కాసేపు మాట్లాడి రండి. రికార్డింగు ఎవరెవరు వినొచ్చో ఆయన చేత కాగితం మీద రాయించుకోండి. ఒక కాపీ కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి స్కూలు కంప్యూటరులో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర. ఫైలు పేరులో మనిషి పేరు, యూనిట్, తేదీ ఉండాలి. వాట్సాప్‌లో పంపుకున్న వీడియోని అసలు కాపీ అనుకోవద్దు, అది కుదించినది.

పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకుంటే విశాఖ బీచ్‌రోడ్డులో 1971 యుద్ధ స్మారకం ‘విక్టరీ ఎట్ సీ’ ఉంది, అదే రోడ్డులో మ్యూజియంగా మార్చిన జలాంతర్గామి కుర్సురా ఉంది. కుర్సురా కూడా ఆ యుద్ధంలో పనిచేసిందే. లోపల దారులు ఇరుకు, గుండ్రటి తలుపుల్లో కాలెత్తి దూరాలి. మోకాళ్లు బాగాలేని పెద్దవాళ్లను బయట నీడలో కూర్చోబెట్టడం మంచిది. తెలంగాణవాళ్లకు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక్ స్మారక్ దగ్గర పడుతుంది.

రాలేనివాళ్లు ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, మంచం పట్టినవాళ్లు, మతిమరుపు వచ్చినవాళ్లు. వాళ్ల ఇంటికి ముగ్గురు, నలుగురికి మించి వెళ్లొద్దు. ఫ్రేమ్, శాలువా, ఒక క్యాడెట్. ఫ్లెక్సీ, ఫొటోగ్రాఫరు అక్కర్లేదు, ఫొటో ఇంట్లోవాళ్లు కావాలంటే వాళ్ల ఫోన్‌లోనే తీయండి. ఇరవై నిమిషాలు చాలు. ఆయనకు వినపడేలా యూనిట్ పేరు, ర్యాంకు చెప్పి పలకరించండి, సొంత పేరుకు పలకనివాళ్లు కూడా ఒక్కోసారి ఆ పిలుపుకు పలుకుతారు. వెళ్లేముందు రోజు ఫోన్ చేసి మందులు, నిద్ర వేళలు కనుక్కోండి. మెడల్స్ అడుగునెక్కడో ట్రంకుపెట్టెలో ఉంటాయి కాబట్టి తీసి ఉంచమని కూడా అప్పుడే చెప్పండి.